మన కంపెనీలు తీసిన గ్యాస్ చైనాకు ఎందుకు వెళ్తోంది?

మయన్మార్ పశ్చిమ తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో ‘ష్వే’ అనే సహజ వాయువు క్షేత్రం ఉంది. బర్మీస్‌లో ష్వే అంటే బంగారం. దాన్ని అభివృద్ధి చేసిన కంపెనీల్లో మన ప్రభుత్వ రంగ సంస్థలు రెండున్నాయి. ఒకటి ఓఎన్‌జీసీ విదేశ్, రెండోది గెయిల్. రెండింటి వాటా కలిపితే నాలుగో వంతు పైమాటే. అమ్మకాల డబ్బులో ఆ మేరకు వాటి వంతు వాటికి వస్తుంది. గ్యాస్ మాత్రం ఇండియాకు రాదు. రఖైన్ రాష్ట్రంలోని చౌక్‌ప్యూ దగ్గర ఒడ్డెక్కి, మయన్మార్‌ను అడ్డంగా దాటుకుంటూ 793 కిలోమీటర్ల పైప్‌లైన్ గుండా చైనాలోని యునాన్ రాష్ట్రానికి వెళ్తుంది.

దీన్ని ‘చైనా తన్నుకుపోయింది’ అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. జరిగింది మాత్రం అంత సూటిగా లేదు. ఆ గ్యాస్ మన వైపు రావడానికి 2005లో ఒక దారి ఉండేది. అది మూసుకుపోవడంలో చైనా బలం ఎంత పనిచేసిందో, ఢిల్లీ, ఢాకా మధ్య కుదరని బేరం కూడా అంతే పనిచేసింది. పైప్‌లైన్ వేశాక మయన్మార్ ప్రజలకు ఏం మిగిలింది, ఆ గొట్టం పక్కన యుద్ధం మొదలయ్యాక ఎవరు ఎవరి చేతిలో చిక్కారు అన్నవి తర్వాతి ప్రశ్నలు.

చమురు వేరు, గ్యాస్ వేరు

చమురును పీపాల్లో, ట్యాంకర్లలో నింపి ఏ రేవుకైనా పంపవచ్చు. ఒక దేశం కొనకపోతే ఇంకో దేశానికి అమ్ముకోవచ్చు. గ్యాస్‌కు ఆ వీలు తక్కువ. దాన్ని ఓడలో పంపాలంటే మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరచి ద్రవంగా మార్చాలి. ఆ కర్మాగారానికి వేల కోట్ల రూపాయల పెట్టుబడి, విదేశీ సాంకేతికత, అప్పిచ్చే అంతర్జాతీయ బ్యాంకులు కావాలి. పాశ్చాత్య దేశాల ఆంక్షల్లో ఉన్న సైనిక పాలనకు ఇవేవీ తేలిగ్గా దొరకవు. మిగిలిన మార్గం పైప్‌లైన్.

పైప్‌లైన్ వేయక ముందు బేరమాడే శక్తి అమ్మేవాడికి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు పోటీ పడుతుంటే ఎవరు ఎక్కువిస్తే వాళ్ల వైపు తిరగవచ్చు. వేసిన మర్నాటి నుంచి లెక్క మారిపోతుంది. ఆ గొట్టం చివర ఎవరున్నారో వాళ్లకే అమ్మాలి, అక్కడున్నవాళ్లు దీని నుంచే కొనాలి. ఒప్పందాలు 20, 30 ఏళ్లకు రాసుకునేది అందుకే. మధ్యలో ఒక మూడో దేశమో, మూడో శక్తో దారికి అడ్డంగా ఉంటే వాళ్లకూ బేరంలో ఒక కుర్చీ వేయాల్సిందే. మయన్మార్ కథ మొత్తం ఈ లెక్క మీదే నడిచింది.

మొదటి కొనుగోలుదారు థాయ్‌లాండ్

మయన్మార్ గ్యాస్ ఎగుమతి చైనాతో మొదలవలేదు. అండమాన్ సముద్రంలోని యడానా క్షేత్రం నుంచి 1998లో థాయ్‌లాండ్‌కు సరఫరా మొదలైంది. ఫ్రాన్స్‌కు చెందిన టోటల్, అమెరికా కంపెనీ యునోకాల్, థాయ్ ప్రభుత్వ సంస్థ పీటీటీఈపీ, మయన్మార్ ప్రభుత్వ సంస్థ ఎంఓజీఈ అందులో భాగస్వాములు. పైప్‌లైన్ దారిలో గ్రామస్థుల చేత సైన్యం వెట్టిచాకిరి చేయించిందన్న ఆరోపణలపై యునోకాల్ అమెరికా కోర్టుల్లో కేసు ఎదుర్కొంది. 2005లో బాధితులతో రాజీ చేసుకుంది.

ఆంక్షలున్నా, అంతర్జాతీయంగా ఒంటరిగా ఉన్నా డాలర్లు తెచ్చిపెట్టే వనరు ఒకటుందని ఆ ఎగుమతి సైనిక పాలకులకు చూపించింది. 1988లో ప్రజా ఉద్యమాన్ని తుపాకులతో అణచి, 1990 ఎన్నికల ఫలితాలను పక్కన పడేసిన పాలన అది. ఇంట్లో పన్నులు వసూలు చేసే యంత్రాంగం బలహీనంగా ఉన్న దేశంలో, సముద్రం అడుగు నుంచి వచ్చే గ్యాస్ డబ్బుకు ప్రజల ఆమోదంతో పనిలేదు. ఆ తర్వాత యెటగున్ క్షేత్రం నుంచి కూడా గ్యాస్ థాయ్‌లాండ్‌కే వెళ్లింది. 2004 జనవరిలో దేవూ సంస్థ ష్వే క్షేత్రాన్ని కనుగొన్న నాటికి, కొత్త గ్యాస్‌ను ఎవరికి అమ్మాలన్న ప్రశ్న పాలకులకు డబ్బుతో పాటు రక్షణకు కూడా సంబంధించినది.

2005: ముగ్గురు మంత్రులు, ఒక ప్రకటన

ష్వే ఉన్న ఎ-1 బ్లాక్‌లో మొదట దక్షిణ కొరియా కంపెనీ దేవూకు 60 శాతం, ఓఎన్‌జీసీ విదేశ్‌కు 20 శాతం, గెయిల్‌కు 10, కొరియా ప్రభుత్వ సంస్థ కోగాస్‌కు 10 శాతం వాటాలుండేవి. తర్వాత ఎంఓజీఈ 15 శాతం తీసుకోవడంతో మన సంస్థల వాటాలు 17, 8.5 శాతానికి తగ్గాయి. భౌగోళికంగా కూడా ఇండియాదే పైచేయి అనిపించేది. రఖైన్ తీరం నుంచి బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు గొట్టం వేస్తే చాలు.

2005 జనవరిలో యాంగూన్‌లో భారత్, బంగ్లాదేశ్, మయన్మార్ ఇంధన మంత్రులు సమావేశమయ్యారు. మన తరఫున వెళ్లింది అప్పటి పెట్రోలియం మంత్రి మణిశంకర్ అయ్యర్. మూడు దేశాల గుండా పైప్‌లైన్ వేయాలని సూత్రప్రాయంగా అంగీకరిస్తూ ఉమ్మడి ప్రకటన వెలువడింది.

గొట్టం బంగ్లాదేశ్ భూమి మీదుగా వెళ్లాలి. రవాణా రుసుము ఒక్కటే చాలదని ఢాకా భావించింది. మూడు కోరికలు ముందుంచింది. నేపాల్, భూటాన్‌లలో తయారయ్యే జలవిద్యుత్తును భారత్ గుండా తమ దేశానికి తెచ్చుకునే వీలివ్వాలి. ఆ రెండు దేశాలతో వ్యాపారానికి భారత భూభాగం మీదుగా దారి ఇవ్వాలి. భారత్‌తో తమకున్న వాణిజ్య లోటు తగ్గించే చర్యలు తీసుకోవాలి.

బంగ్లాదేశ్ చూపులో ఇది న్యాయమైన బేరమే. మీ గ్యాస్‌కు మా భూమిపై దారి కావాలంటే, మా కరెంటుకు మీ భూమిపై దారి ఇవ్వండి అన్నారు. ఢిల్లీ మాత్రం దీన్ని ద్వైపాక్షిక అంశాలను మూడు దేశాల ప్రాజెక్టుకు ముడిపెట్టడంగా చూసింది. అవి వేరు, ఇది వేరు అంది. చర్చ అక్కడే ఆగిపోయింది. బంగ్లాదేశ్‌ను తప్పించి, మిజోరం, అసోం మీదుగా చుట్టూ తిప్పి తెచ్చే మార్గాన్ని పరిశీలించారు. కొండలు, అడవులు, పెరిగే దూరం, సాయుధ దళాల బెడద కలిసి ఆ దారిని ఖరీదైనదిగా మార్చాయి.

అప్పట్లో మనకు తొందర లేకపోవడానికి ఇంకో పరిస్థితి కూడా తోడైంది. 2002లో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాక్‌లో రిలయన్స్ భారీ నిక్షేపాలు ప్రకటించింది. మన తీరంలోనే కావలసినంత గ్యాస్ ఉందన్న నమ్మకం ఆ దశాబ్దమంతా నడిచింది. డీ6లో ఉత్పత్తి 2009లో మొదలై, కొద్ది ఏళ్లలోనే అంచనాలకు అందనంతగా పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, కొండపల్లి వంటి చోట్ల కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న సంగతి తెలుగు పాఠకులకు తెలిసిందే. ష్వే గ్యాస్ ఆ లోటును పూర్తిగా తీర్చేది కాదు. కానీ ఒక వనరు మీదే ఆశ పెట్టుకుంటే ఏమవుతుందో అక్కడ కళ్ల ముందే కనిపించింది.

చైనా ఇచ్చింది ధర ఒక్కటే కాదు

ఢిల్లీ, ఢాకా మాట్లాడుకుంటూ ఉండగానే బీజింగ్ రంగంలోకి దిగింది. దానికి రెండు అవసరాలున్నాయి. చైనా దిగుమతి చేసుకునే ముడి చమురులో అధిక భాగం ఇరుకైన మలక్కా జలసంధి గుండా వస్తుంది. యుద్ధం వస్తే ఆ దారిని మూసేయడం శత్రువుకు పెద్ద పని కాదన్న భయం చైనా నాయకత్వాన్ని చాలాకాలంగా వెంటాడుతోంది. బంగాళాఖాతం నుంచి నేరుగా యునాన్‌కు దారి దొరికితే ఆ భయం కొంత తగ్గుతుంది. అందుకే గ్యాస్ గొట్టం పక్కనే ముడి చమురు గొట్టాన్ని కూడా ప్రతిపాదించింది. రెండో అవసరం, తీరానికి దూరంగా వెనకబడి ఉన్న నైరుతి రాష్ట్రాలకు ఇంధనం అందించడం.

చైనా దగ్గర ఇంకొకటి ఉంది. అది భారత్ ఇవ్వలేనిది. 2007 జనవరి 12న మయన్మార్‌లో అణచివేతను ప్రశ్నిస్తూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో తీర్మానం వచ్చింది. చైనా, రష్యా వీటో చేశాయి. అదే ఏడాది ష్వే గ్యాస్ చైనాకే అన్న నిర్ణయం భారత్‌కు తెలిసింది. వీటోకు బదులుగానే గ్యాస్ ఇచ్చారని చెప్పే కాగితం ఏదీ లేదు. చైనాతో సంప్రదింపులు అంతకు ముందే నడుస్తున్నాయి. అయితే ఆంక్షల భయంలో ఉన్న పాలకులకు యూనిట్‌కు నాలుగు సెంట్లు ఎక్కువిచ్చే కొనుగోలుదారు కంటే, భద్రతా మండలిలో చెయ్యెత్తే కొనుగోలుదారు విలువైనవాడని గ్రహించడానికి కాగితం అక్కర్లేదు.

ఇండియా నైతికంగా దూరం జరిగి నష్టపోయిందనీ అనలేం. 2007 సెప్టెంబరులో బౌద్ధ భిక్షువులు యాంగూన్ వీధుల్లో ఊరేగుతున్న రోజుల్లోనే అప్పటి పెట్రోలియం మంత్రి మురళీ దేవరా మయన్మార్ వెళ్లారు. మరో మూడు సముద్ర బ్లాకుల్లో అన్వేషణకు ఒప్పందాలు కుదిరాయి. ప్రజాస్వామ్య దేశంగా మాట పడ్డాం, ష్వే గ్యాస్ కూడా దక్కలేదు.

2008 డిసెంబరులో దేవూ కూటమికి, చైనా జాతీయ పెట్రోలియం సంస్థ సీఎన్‌పీసీకి మధ్య 30 ఏళ్ల అమ్మకపు ఒప్పందం కుదిరింది. 2010లో నిర్మాణం మొదలై, 2013 జులైలో గ్యాస్ పారింది. చమురు గొట్టం 2017లో పనిలోకి వచ్చింది. నేల మీది గ్యాస్ పైప్‌లైన్ కంపెనీలో సీఎన్‌పీసీకి 50.9 శాతం ఉంది. విశేషమేమంటే ఇందులో కూడా ఓఎన్‌జీసీ విదేశ్, గెయిల్ వాటాలు తీసుకున్నాయి. అంటే గ్యాస్‌ను చైనాకు మోసే గొట్టంలో కూడా మనకు చిన్న భాగం ఉంది. వ్యాపారంగా అది తెలివైన నిర్ణయమే. ఇంధన భద్రతగా లెక్కలోకి రాదు.

దేశానికి ఏం మిగిలింది?

ష్వే నుంచి రోజుకు 50 కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ తీయాలన్నది ప్రణాళిక. అందులో 40 కోట్లు చైనాకు, 10 కోట్లు మయన్మార్‌కు. అదే దేశంలో 2019 చివరికి గానీ సగం ఇళ్లకు కరెంటు కనెక్షన్ అందలేదు. యాంగూన్‌లో సైతం కోతలు మామూలే. ఆ కొరత తట్టుకోలేక 2020లో మయన్మార్ ద్రవీకృత గ్యాస్‌ను దిగుమతి చేసుకోవడం మొదలుపెట్టింది. ఒక చేత్తో గ్యాస్ అమ్ముతూ ఇంకో చేత్తో ఖరీదైన గ్యాస్ కొన్నదన్నమాట. 2021 సైనిక కుట్ర తర్వాత డాలర్ల కటకటలో అదీ ఆగిపోయింది.

గొట్టం దారిలో భూములు పోయిన రైతులు, చౌక్‌ప్యూ ప్రాంత మత్స్యకారులు పరిహారం చాల్లేదని ఆందోళనలు చేశారు. గ్యాస్ తమ తీరంలో ఒడ్డెక్కి తమ ఊళ్లను చీకట్లో వదిలేస్తోందన్న ఆగ్రహం రఖైన్ రాజకీయాల్లో స్థిరపడిపోయింది.

మరి మధ్యలో వచ్చిన పౌర ప్రభుత్వాలు ఈ ఏర్పాటును ఎందుకు మార్చలేదు? ఇక్కడ మిట్సోన్ ఆనకట్టతో పోల్చి చూడాలి. ఇరావతి నది మీద చైనా కట్టదలచిన ఆ భారీ ప్రాజెక్టును 2011 సెప్టెంబరులో అధ్యక్షుడు థీన్ సేన్ నిలిపేశారు. దానికి ప్రజా వ్యతిరేకత ఒక కారణం. ఇంకో కారణం, అప్పటికి ఆనకట్ట లేవలేదు, అమ్మిన కరెంటు లేదు. పైప్‌లైన్ పని అప్పటికే సాగుతోంది, దాని మీద డాలర్ల ఆశ ఉంది. 2016లో అధికారంలోకి వచ్చిన ఆంగ్ సాన్ సూచీ ప్రభుత్వం చౌక్‌ప్యూ లోతైన ఓడరేవు ప్రాజెక్టును కుదించి చైనాతో మళ్లీ బేరమాడింది. మొదటి దశ ఖర్చును సుమారు 130 కోట్ల డాలర్లకు తగ్గించింది. గ్యాస్ ఒప్పందం జోలికి మాత్రం పోలేదు. కట్టని వాటి మీద బేరం నడుస్తుంది. కట్టి, పారుతున్న గొట్టం మీద నడవదు.

ఎవరికి ఎవరు అవసరం?

ఈ పైప్‌లైన్ ఏటా 1,200 కోట్ల ఘనపు మీటర్లు మోయగలదు. చైనాకు చేరుతున్నది సుమారు 400 కోట్లు. చైనా మొత్తం వాడకం ఏటా 40,000 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అంటే మయన్మార్ గ్యాస్ అక్కడి వాడకంలో ఒక శాతం. రేపు ఆగిపోతే యునాన్‌కు ఇబ్బంది అవుతుంది, చైనా ఆగిపోదు. మయన్మార్ సైన్యానికి మాత్రం గ్యాస్ అమ్మకాలే అతిపెద్ద విదేశీ ఆదాయం. ఈ తేడాయే పెద్ద పొరుగుదేశం చేతిలోని అసలు ఆయుధం. వాల్వు తిప్పుతానని బెదిరించాల్సిన అవసరం కూడా దానికి రాదు.

2021 ఫిబ్రవరి 1 కుట్ర తర్వాత ఇది మరింత స్పష్టమైంది. టోటల్, యునోకాల్‌ను కొనేసిన షెవ్రాన్ 2022 జనవరిలో యడానా నుంచి తప్పుకుంటామని ప్రకటించాయి. యూరోపియన్ యూనియన్ 2022లో ఎంఓజీఈ మీద ఆంక్షలు పెట్టింది. అమెరికా 2023 చివర్లో దాని ఆర్థిక లావాదేవీలకు అడ్డుకట్ట వేసింది. అయినా గ్యాస్ పారుతూనే ఉంది. పాశ్చాత్య కంపెనీ వెళ్లిపోతే నిర్వహణ థాయ్ కంపెనీ చేతికి వచ్చింది. కొనే పొరుగువాళ్లు కొనడం ఆపనంత కాలం, దూరపు దేశాల ఆంక్షలు గొట్టాన్ని ఆపలేవు. ష్వేలో వాటా కొనసాగిస్తున్న భారత సంస్థలు కూడా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేవు. అక్కడ నుంచి మనకొచ్చే ఆదాయం, ఊళ్ల మీద బాంబులు వేస్తున్న సైన్యానికి వెళ్లే ఆదాయం ఒకే అమ్మకం నుంచి పుడుతున్నాయి.

అయితే చైనాకూ ఒక చిక్కు వచ్చిపడింది. 2023 అక్టోబరు 27న మూడు సాయుధ దళాలు కలిసి ఉత్తర షాన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన దాడితో, పైప్‌లైన్ చైనాలోకి ప్రవేశించే వైపు చాలా పట్టణాలు సైన్యం చేజారాయి. సముద్రం వైపున అరాకన్ ఆర్మీ రఖైన్‌లోని 17 టౌన్‌షిప్‌లలో 14 గెలుచుకుంది. గొట్టం దారిలో ఉన్న ఆన్ పట్టణంలోని పశ్చిమ సైనిక కమాండ్ కేంద్రాన్ని 2024 డిసెంబరులో పట్టుకుంది. 2025లో పోరు చౌక్‌ప్యూ చుట్టూ చేరింది. ఒప్పందం రాసుకున్నది నేపిడాలోని ప్రభుత్వంతో. గొట్టం మాత్రం ముగ్గురు నలుగురు వేర్వేరు యజమానుల భూమి మీదుగా పోతోంది.

ఇంత యుద్ధంలోనూ ఎవరూ గ్యాస్‌ను శాశ్వతంగా ఆపే సాహసం చేయలేదు. విదేశీ పెట్టుబడులను కాపాడతామని అరాకన్ ఆర్మీ కూడా ప్రకటించింది. చైనా కోపం తెచ్చుకుంటే సరిహద్దు మూసేస్తుంది. సరుకులు, మందులు, కరెంటు ఆగిపోతాయి. 2024 ఆగస్టులో తిరుగుబాటు దళం గెలుచుకున్న లాషియో నగరం, చైనా మధ్యవర్తిత్వంతో 2025 ఏప్రిల్‌లో మళ్లీ సైన్యం చేతికి వచ్చింది. అదే సమయంలో చైనా కూడా ఒకప్పటిలా సైన్యంతో మాత్రమే మాట్లాడితే సరిపోయే స్థితిలో లేదు.

మనకు పనికొచ్చే పాఠం

ఈ కథలో ఇండియాకు సంబంధించిన చివరి మలుపు 2024 నవంబరులో వచ్చింది. నేపాల్ జలవిద్యుత్ 40 మెగావాట్లు భారత గ్రిడ్ గుండా బంగ్లాదేశ్‌కు మొదటిసారి చేరింది. మూడు దేశాల మధ్య ఒప్పందం దానికి నెల ముందే కుదిరింది. సరిగ్గా 2005లో ఢాకా అడిగిన మొదటి కోరిక ఇదే. అంతకు ముందు 2023 మార్చిలో సిలిగుడి నుంచి బంగ్లాదేశ్‌లోని పార్వతీపూర్‌కు 131 కిలోమీటర్ల డీజిల్ పైప్‌లైన్ కూడా మొదలైంది. రెండు దేశాల మధ్య గొట్టం వేయడం అసాధ్యం కాదని దాంతో తేలిపోయింది.

అంటే, ఇవ్వకూడదనుకున్నది చివరికి ఇచ్చాం. 19 ఏళ్లు ఆలస్యంగా, బదులుగా ఆ గ్యాస్ తెచ్చుకునే వీలు పోయాక ఇచ్చాం. ఇందులో నష్టపోయింది ఇండియా ఒక్కటే కాదు. తన సొంత గ్యాస్ తరిగిపోతుండటంతో బంగ్లాదేశ్ 2018 నుంచి ద్రవీకృత గ్యాస్ దిగుమతి చేసుకుంటోంది. భారత్ కూడా తన వాడకంలో దాదాపు సగాన్ని ఓడల్లో తెప్పించుకుంటోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఆ ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఢాకాలో గంటల తరబడి కరెంటు పోయింది.

2005 దారి తెరుచుకుని ఉంటే అంతా బాగుండేదని చెప్పలేం. రఖైన్ యుద్ధం ఆ గొట్టానికీ ఎదురయ్యేది. సైనిక పాలనకు డబ్బు మన నుంచే వెళ్లేది. కానీ ఎంచుకునే అవకాశం ఉండేది. పెద్ద పొరుగుదేశంగా మనం మయన్మార్‌తో బేరమాడుతూ, దారి ఇవ్వాల్సిన చిన్న పొరుగుదేశం అవసరాన్ని పట్టించుకోలేదు. గ్యాస్ దౌత్యంలో అమ్మేవాడిని ఒప్పించడం సగం పనే. మిగతా సగం దారిలో ఉన్నవాడిది.

ఈ మాట రేపటికీ వర్తిస్తుంది. సిత్వే ఓడరేవును మిజోరంతో కలిపేందుకు భారత్ చేపట్టిన కలాదాన్ ప్రాజెక్టు దారిలో ఉన్న పలెత్వా పట్టణం 2024 జనవరి నుంచి అరాకన్ ఆర్మీ అధీనంలో ఉంది. ఆ రోడ్డు పూర్తి కావాలంటే నేపిడాతో సంతకాలు చాలవు. నేపాల్, భూటాన్ కరెంటు పెద్ద ఎత్తున బంగ్లాదేశ్‌కు వెళ్లాలంటే ఆ తీగలు మన నేల మీదుగానే సాగాలి. అక్కడ దారిలో ఉన్నవాళ్లం మనమే. 2005లో ఢాకా మనల్ని అడిగిన ప్రశ్నలను ఈసారి ఖాట్మండు, థింపూ అడుగుతాయి. 40 మెగావాట్ల దగ్గర ఆగిపోతామా, ముందుకు వెళ్తామా అన్నది మన జవాబు మీదే ఆధారపడి ఉంది.